పండుగ పళ్లెములో కొబ్బరి కేకు

మన ఆలంకారికులు కవితాపాకములను ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు తెరగులుగా చెప్పిరి. నోట నుంచుకొన్నంతనే కరగిపోవునది మొదటిది. తొక్క ఒలిచికొన్నచో చాలునన్నది రెండవది. పీచు తీసి, టెంక పగులగొట్టి, లోని కొబ్బరిని శ్రమపడి అందుకొనవలసినది మూడవది. ఇట్లు సాహిత్యమున కాఠిన్యమునకు గుర్తుగా నిలిచిన కాయయే వంటయింట మాత్రము కరవునాడు ఆదుకొను చుట్టమని పేరు తెచ్చుకొన్నది. పాలు వాడరాని యింట పాలుగా, వెన్న నిలువని వేడిదేశమున వెన్నగా, బాదము దొరకని తీరమున బాదముగా, గోధుమపిండి ముట్టరాని దినములలో పిండిగా, వేరువేరు జాతులవారి పండుగలను అది వెలితి పడకుండ గడిపినది. కొబ్బరి కేకుల చరిత్రను పరిశీలించువారికి మొట్టమొదట తోచునది ఈ గుణమే. అవి సమృద్ధిలో పుట్టిన వంటలుగా కనబడినను, వాటిలో పెక్కింటికి మూలము ఏదో యొక లోటు.

ఇచ్చట కేకనగా వెడల్పయిన పాత్రలో పిండి పోసి, నూనెలో వేపకయు, ఆవిరిపై ఉడికింపకయు, పొడివేడిమిపై కాల్చి, చల్లారిన పిమ్మట ముక్కలుగా కోసి పదిమందికి పంచు తీపిరొట్టె యని గ్రహింపవలెను. జర్మను భాష మాటలాడు దేశములలో ఇట్టి పండుగ కేకును ‘టోర్టె’ అందురు. టోర్టెలో గోధుమపిండి పాలు తక్కువ. గ్రుడ్లును, బాదము, అక్రోటు వంటి పప్పుల పొడియు ఎక్కువ. ఆస్ట్రియాలోని లింజ్ నగరము పేర వెలసిన టోర్టెను చేయు విధానము 1653 నాటి వ్రాతప్రతిలోనే కలదు. వియన్నాలో 1832లో పుట్టిన సాహెర్ టోర్టె జగత్ప్రసిద్ధము. ఆ పప్పుల స్థానమున కొబ్బరికోరు చేరినపుడు ఏర్పడినది కొబ్బరి టోర్టె. ఆల్ప్స్ పర్వతముల నీడలో కొబ్బరిచెట్టు పెరుగదు గదా! ఆ కోరు అచ్చటికి చేరుటకు ముందు ఎంత దూరము నడచినదో తెలియవలెనన్నచో కథను మన తీరములనుండియే మొదలిడవలెను.

కొబ్బరిచెట్టు సముద్రపుటొడ్డు బిడ్డ. దాని కాయ నీటిపై తేలుచు దూరతీరములకు బోయి మొలకెత్తగలదు. మనుష్యుడును దానిని ఓడలపై వెంట గొనిపోయెను. 2011లో ప్రకటితమైన జన్యుపరిశోధన ప్రకారము ప్రపంచమందలి కొబ్బరిచెట్లు రెండు ప్రధాన వంశములకు చెందినవి. ఒకటి పసిఫిక్ సముద్రపు వంశము. రెండవది హిందూమహాసముద్రమున పుట్టి అట్లాంటిక్ తీరములకు వ్యాపించిన వంశము. ఈ రెండవ వంశమునకు పుట్టినిల్లు దక్షిణ భారతము, సింహళము, మాల్దీవులు మొదలగు ప్రాంతములు. పశ్చిమాఫ్రికాకును, అమెరికా ఖండపు తూర్పుతీరములకును దానిని చేర్చినవారు 16వ శతాబ్దమునాటి ఐరోపా నావికులు. కావున క్యూబాలో నిలిచిన కొబ్బరిచెట్టు మన తీరపు చెట్టుకు దూరపు బంధువే. ఈ చుట్టరికము కథలో మరల ప్రస్తావనకు వచ్చును.

కాయకు పేర్లును ఎన్నియో కలవు. కోస్తావారు కొబ్బరికాయ యనుదురు. రాయలసీమవారు టెంకాయ యనుదురు. టెంకాయ యనగా తెన్‌దిక్కు, అనగా దక్షిణదిక్కు కాయ యని పండితులు చెప్పుదురు. సంస్కృతమున నారికేళము. మన పూర్వులు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువారు మాత్రము దీనిని ‘కోకు’ అనిరి. టెంకపైనున్న మూడు కన్నులు వారికి పిల్లలను బెదరించు బూచి ముఖమువలె కనబడెనట. 16వ శతాబ్దపు పోర్చుగీసు చరిత్రకారుడు జొఆవో ద బారోస్ ఈ సంగతి వ్రాసియున్నాడు. మనకు శుభమునకు చిహ్నమైన పూర్ణఫలము వారికి బూచి యైనది. ఆ బూచినే వారు తరువాత తమ పండుగ వంటలో నడిమధ్యకు తెచ్చుకొనిరి.

అయితే కేకనగానే అది తెల్లవారు తెచ్చిన వంటయని తలచుట సరి కాదు. మన పొరుగుననున్న ఉత్కళదేశమున ‘పొడపిఠా’ యను వంటకము కలదు. ‘పొడ’ యనగా కాలినది. నానబెట్టి రుబ్బిన బియ్యము, మినపపప్పుల పిండిని పులియబెట్టి, అందు బెల్లము, కొబ్బరికోరు, కొబ్బరిముక్కలు, అల్లము, ఏలకులు కలిపి, అరటియాకులు పరచిన పాత్రలో పోసి, ఆరుచున్న పొయ్యిలో రాత్రియంతయు సన్నని సెగపై నుంతురు. తెల్లవారునప్పటికి వెలుపలిభాగము నల్లగా గట్టిపడి, లోపల మెత్తగా, కమ్మని పొగవాసనతో తీపిరొట్టె సిద్ధమగును. జూన్ నెల నడుమ వచ్చు రజపర్వపు మూడు దినములును భూదేవి విశ్రమించునని ఒడియావారి విశ్వాసము. ఆ దినములలో దున్నుట, త్రవ్వుట లేదు. ఆడువారికి ఇంటిపనులనుండి విడుపు. కావుననే ముందుగా చేసిపెట్టినను కొన్నాళ్లు చెడక నిలువయుండు పొడపిఠా ఆ పండుగకు తగిన వంట యైనది. పురిలో జగన్నాథుని రథము గుండిచా మందిరమునుండి మరలివచ్చునపుడు, త్రోవలో మౌసీమా గుడికడ స్వామికి నివేదించునదియు ఈ పొడపిఠాయే. వంట చేయు చేతులకు విశ్రాంతి నిచ్చుటకై కాల్చిన కొబ్బరి కేకు ఇది.

కళింగాంధ్రమున ఈ సంప్రదాయపు జాడలు నేటికిని కలవు. శ్రీకాకుళము ప్రాంతమున కొబ్బరియుండలను ‘రస్కోరా’ యనియు ‘లస్కోరా’ యనియు పిలుతురు. ఒడియావారి ‘రసకొరా’ యే ఇది. గోదావరి మండలములలోని దిబ్బరొట్టె మరియొక పోలిక. మినపపిండిని మందపాటి పాత్రలో దళసరిగా పోసి, క్రింద సన్నని సెగ నుంచి, మూతపై నిప్పులు పరచి కాల్చుట దాని పాత పద్ధతి. అందులో కొబ్బరి పడదు. చెరకు పానకముతో తిందురు. అయినను పైన నిప్పు, క్రింద నిప్పు అను ఉపాయము మన పల్లెలకు క్రొత్తది కాదని ఆ రొట్టెయే సాక్ష్యము చెప్పును. పొయ్యి తప్ప వేరు సాధనము లేని యింట, ఒక మూతయు నాలుగు నిప్పులును ఉన్నచో ఆ పొయ్యియే బేకరీబట్టీ యగును. పడమటితీరమున బుడతకీచుల తీపివంట వచ్చి చేరినది ఇట్టి నిప్పులకడకే.

1498లో వాస్కో ద గామా కళ్లికోట చేరెను. 1510లో ఆల్బుకెర్క్ గోవాను వశపరచుకొనెను. 1961 డిసెంబరులో భారతసైన్యము విముక్తి కలిగించువరకు, నాలుగున్నర శతాబ్దములు గోవా పోర్చుగలు పాలనలో నుండెను. ఈ పాలనలోని కష్టనిష్ఠురములు వేరు చరిత్ర. వంటయింటి చరిత్రలో మాత్రము రెండు సంప్రదాయములు ఒకే పాత్రలో కలిసినవి. పోర్చుగలులోని సన్న్యాసినీమఠములు తీపివంటలకు పేరుపడినవి. ఆ మఠములలో గ్రుడ్ల తెల్లసొనను వస్త్రములకు గంజిగాను, ద్రాక్షసారాయమును తేర్చుటకును వాడుచుండిరనియు, మిగిలిన పచ్చసొనను వ్యర్థము చేయక చక్కెరతోను బాదముపొడితోను కలిపి తీపివంటలు చేయుచుండిరనియు చెప్పుదురు. పాత గోవాలో 1606లో ఆర్చిబిషప్పు అలీషో ద మెనెజెస్ సాంతా మోనికా మఠమును స్థాపించెను. 1627లో దాని నిర్మాణము ముగిసెను. ఆసియా ఖండమున సన్న్యాసినులకై వెలసిన మఠములలో అది మొదటిది. అచ్చట బాదము చేతికందదు. వెన్న ఎండకు నిలువదు. కొబ్బరితోటలు మాత్రము కనుచూపు మేర కలవు. బాదము చోట కొబ్బరి చేరినది. వెన్న చోట మన నెయ్యి చేరినది.

ఈ కూడికనుండి పుట్టిన వంటలలో తలమానికము బెబింకా. దానిని గురించి గోవాలో ఒక కథ ప్రచారమున నున్నది. బెబియానా యను సన్న్యాసిని లిస్బన్ నగరపు ఏడు కొండలను తలచుకొని ఏడు పొరల కేకును కాల్చి మఠపు గురువుల కిచ్చెనట. అది చిన్నదిగా నున్నదని వారు పలుకగా పొరలను పదునారుకు పెంచెనట. దీనిని కథగానే గ్రహించినను, అందలి భావము విడువదగినది కాదు. ఇల్లు విడిచి సముద్రము దాటి వచ్చినవారు తమ యూరి కొండలను కొబ్బరిపాలలో వెదకుకొనిరి. దూరదేశమున ఉద్యోగము చేయుచు, పండుగనాడు తమ యూరి వంటను దొరకిన సరకులతో చేసికొనువారందరకు ఆ భావము తెలిసినదే.

బెబింకా చేయుట ఓర్పుతో కూడిన పని. చిక్కని కొబ్బరిపాలు, చక్కెర, పచ్చసొన, కొద్దిగా మైదా, జాజికాయపొడి కలిపి పలుచని పిండి సిద్ధపరతురు. నెయ్యి వేసిన పాత్రలో ఒక గరిటె పిండి పోసి, పైనుండి వచ్చు నిప్పుల వేడిమికి ఎఱ్ఱబారనిత్తురు. దానిపై మరల నెయ్యి, మరల ఒక గరిటె పిండి. ఒక పొర పండినగాని రెండవది పోయరాదు. తొందరపడినచో పొరలు కలిసిపోవును, ఏమరినచో మాడిపోవును. ఇట్లు ఏడు మొదలు పదునారు పొరల వరకు పోయుసరికి గంటలు గడచును. పూర్వము ఈ నిప్పులకు కొబ్బరిచిప్పలు, పీచు వాడుక. అనగా చెట్టు కేకునకు పాలనిచ్చినది, ఆ పాలను కాల్చు నిప్పును ఇచ్చినది. చల్లారిన పిమ్మట బోర్లించి, నిలువుగా కోసినచో లేతరంగు, ముదురురంగు పొరలు ఒకదానిపై నొకటి పుస్తకపు పుటలవలె కనబడును. బెబింకా కొన్నాళ్లు చెడక నిలువయుండును.

గోవాలో బెబింకా ఒంటరిది కాదు. ‘బాతికా’ అను మరియొక కేకు కలదు. గోధుమరవ్వ, కొబ్బరికోరు, గ్రుడ్లు, చక్కెర, వెన్న కలిపి, రవ్వ నానుటకై రాత్రియంతయు ఉంచి, మరునాడు కాల్తురు. పైన పిండిపట్టీలను అల్లికగా పరతురు. బియ్యపుపిండి, కొబ్బరిపాలు, బెల్లము ఉడికించిన ‘దొదోల్’ ఇంకొకటి. క్రిస్మసునాడు ఇవన్నియు ఒక పళ్లెమున చేర్చి ఇరుగుపొరుగులకు పంతురు. ఆ పళ్లెములో ‘నెవ్రీ’లును ఉండును. అవి కొబ్బరి పూర్ణముతో చేసిన కజ్జికాయలే. హిందువులు వినాయకచవితికి చేయు నెవ్రీ క్రైస్తవుల క్రిస్మసు పళ్లెములో చేరినది. పళ్లెము పుచ్చుకొన్న హిందువులు తమ పండుగకు మరల పంపుదురు. మఠములలోను ఇండ్లలోను పుట్టిన బెబింకాకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఏదో యొక లోటు తీర్చుటకు ఏర్పడిన వంట నేడు ఆ సీమకు సొత్తుగా ప్రభుత్వపు పుస్తకములలో కెక్కినది.

బుడతకీచుల ఓడలు సాగిన త్రోవలో ఇట్టి వంటలు మరికొన్ని కనబడును. సింహళమునకు వారు 1505లో వచ్చిరి. 1658లో ఒలందావారు వారిని పూర్తిగా వెడలగొట్టిరి. పాలకులు మారినను ‘బిబిక్కన్’ అను కొబ్బరి కేకు నిలిచినది. కొబ్బరికోరును తాటిజాతి చెట్ల పానకముతోనో బెల్లముతోనో ఉడికించి, రవ్వయో బియ్యపుపిండియో చేర్చి కాల్చునది అది. క్రిస్మసుకును, ఏప్రిల్‌లో వచ్చు సింహళ సంవత్సరాదికిని దానిని చేయుదురు. ఇంకను తూర్పునకు బోయినచో ఫిలిప్పీన్సు ద్వీపములలో ‘బిబింగ్కా’ కలదు. బియ్యపుపిండి, కొబ్బరిపాలు కలిపి, అరటియాకు పరచిన మట్టిపాత్రలో పోసి, పైన నిప్పు, క్రింద నిప్పు ఉంచి కాల్తురు. క్రిస్మసుకు ముందు తొమ్మిది దినములు వేకువజామున ప్రార్థనకు బోయి మరలువారు చర్చి వాకిట వేడివేడిగా కొని తిందురు. గోదావరి దిబ్బరొట్టె మూతపైని నిప్పులు, మనీలా వీథిలోని నిప్పులు ఒక తీరుననే ఎఱ్ఱగా మండుచుండును.

ఇంతవరకు చెప్పిన కేకులన్నియు చెట్టు నీడలోనివే. కొబ్బరిని పగులగొట్టిన దినముననే వాడవలెను. పచ్చికొబ్బరిలో ఇంచుమించు సగము నీరుండుటచే అది త్వరలో పులిసిపోవును. చెట్టులేని దేశములకు కొబ్బరి కేకు చేరుటకు వేరొక ఉపాయము కావలసివచ్చెను. 19వ శతాబ్దపు చివరి దశకములలో సింహళమున కొబ్బరికోరును ఎండబెట్టు కర్మాగారములు వెలసినవి. కాయ టెంకను గొడ్డలితో కొట్టి తీసి, లోని గోధుమరంగు పొరను కత్తితో చెక్కి, తెల్లని కొబ్బరిని కడిగి, కోరి, వేడిగాలిలో ఆరబెట్టి, జల్లించి పెట్టెలకెత్తుదురు. సగము వరకు ఉండిన తేమ నూటికి మూడుపాళ్లకు తగ్గును. అటుపై అది నెలల తరబడి నిలువయుండును. లండనులోనో వియన్నాలోనో కొబ్బరిచెట్టును బొమ్మలో తప్ప చూడని వంటవాడు సయితము చేతినిండ కొబ్బరికోరు తీసి పిండిలో కలుపగలిగెను. టోర్టెలో బాదము చోటికి కొబ్బరి వచ్చిన త్రోవ ఇదియే.

అమెరికాలో ఈ పరిశ్రమ పుట్టుకయు ఒక చిక్కునుండియే. ఫిలడెల్ఫియా నగరమున ఫ్రాంక్లిన్ బేకర్ అను పిండి వర్తకుడు 1890ల దశకపు నడుమ క్యూబాకు గోధుమపిండి పంపెను. దానికి ఖరీదుగా డబ్బునకు బదులు ఓడనిండ కొబ్బరికాయలు వచ్చినవి. పచ్చికాయలను అమ్ముకొనలేక అతడు కోరి ఎండబెట్టి అమ్ముటకు పూనుకొనెను. ఆ వ్యాపారము పిండి వ్యాపారమును మించిపోయెను. ఆ కాయలు కాచిన చెట్లు, పైన చెప్పిన హిందూమహాసముద్రపు వంశమునకు చెందినవే. గోధుమపిండికి బదులుగా వచ్చిన కొబ్బరి చివరకు గోధుమపిండితో కలిసి కేకైనది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో తెల్లని కొబ్బరి కేకు క్రిస్మసు బల్లపై తప్పనిసరి యైనది. కొబ్బరియు పీకన్ పప్పును కలిపి పూసిన ‘జర్మన్ చాక్లెట్ కేకు’ 1957లో డాలస్ పత్రికలో అచ్చయి దేశమంతట ప్రచారము పొందెను. ఆ పేరులోని ‘జర్మన్’ దేశము కాదు. 1852లో ఆ చాక్లెట్‌ను తయారుచేసిన శామ్యూల్ జర్మన్ అను మనిషి ఇంటిపేరు.

ఆస్ట్రేలియావారి కొబ్బరి కేకునకు మన దేశచరిత్రతో వింతయైన సంబంధము కలదు. చదరపు కేకుముక్కను చాక్లెట్ పాకమున ముంచి, ఎండుకొబ్బరికోరులో దొర్లించినచో అది ‘లామింగ్టన్’ అగును. 1896 మొదలు 1901 వరకు క్వీన్స్‌లాండ్ రాష్ట్రమునకు గవర్నరుగా నుండిన లార్డ్ లామింగ్టన్ పేర అది వెలసినది. వేళగాని వేళ అతిథులు రాగా, గవర్నరుగారి వంటవాడు మిగిలిన కేకును ఇట్లు ముంచి దొర్లించి వడ్డించెనని అచ్చటివారు చెప్పుకొందురు. పాత కేకు ఎండినది; కొబ్బరి దానిని కప్పి కాపాడినది. ఇచ్చటను లోటు కథయే. 1900–1902 సంవత్సరముల నాటి క్వీన్స్‌లాండ్ పత్రికలలో దానిని చేయు విధానము అచ్చయినది. నేడు జూలై 21ని ఆస్ట్రేలియావారు లామింగ్టన్ దినముగా జరుపుకొందురు. బడులకును సంఘములకును విరాళములు కూర్చుటకై వందలకొలది లామింగ్టన్లు చేసి అమ్ముట వారికి వాడుక. ఆ దొరయే 1903 మొదలు 1907 వరకు బొంబాయి గవర్నరు. విద్యుత్పరికరముల అంగళ్లకు పేరుపొందిన ముంబాయిలోని లామింగ్టన్ రోడ్డు ఆయన పేరిటిదే. తరువాత దానికి డాక్టర్ భడ్కంకర్ మార్గమని పేరు మార్చిరి. 1940 మార్చి 13న లండను కాక్స్‌టన్ హాలులో ఉద్ధంసింగ్ మైకేల్ ఓడ్వయరును కాల్చినపుడు చేతికి గాయమైన వృద్ధుడును ఈ లామింగ్టనే. ముంబాయి వీథికి ఆయన పేరు తొలగినది; కేకునకు మిగిలినది.

యూదుల పస్కాపండుగ ఎనిమిది దినములలో పొంగిన గోధుమరొట్టె నిషిద్ధము. పిండిలేని కేకు కావలెనన్నపుడు వారి గృహిణులకు కొబ్బరికోరును తెల్లసొనయు అక్కరకు వచ్చినవి. కొబ్బరి మకరూనులు, పిండిలేని కొబ్బరి టోర్టెలు ఆ పండుగకు ఆనవాయితీ యైనవి. మాంసముతో పాలను కలుపరాదన్నది వారి మతనియమము. కలకత్తాలోని బాగ్దాదీ యూదులు, కొచ్చి యూదులు ఈ నియమమునకు భంగము రాకుండ కూరలలో కొబ్బరిపాలు వాడిరి. దేశము మారినను నియమము విడువని ఒక జాతికి మన తీరపు చెట్టు ఇట్లు అండయైనది.

ఎండుకోరు లోకమునకు చేసిన మేలు గొప్పదే. కాని పెట్టెలో వచ్చు తెల్లనిపొడిలో దానిని చెక్కిన చేతులు కనబడవు. 1953లో ఆస్ట్రేలియాలో విషజ్వరము, ఇతర జబ్బులు ప్రబలగా, వాటికి దిగుమతియైన ఎండుకొబ్బరిలోని క్రిములే కారణమని పరిశోధకులు కనుగొనిరి. శుభ్రమైన నీరు, వేడినీటిలో క్రిములను చంపు పద్ధతి, కర్మాగారముల తనిఖీ ఎంత ముఖ్యమో ఆ తరువాత గుర్తించిరి. దూరమున పండుగ చేసికొనువారి ఆరోగ్యము కొబ్బరి కర్మాగారములో కూలివారికి అందు నీటిపై ఆధారపడియున్నదన్న సత్యము అప్పుడుగాని తెలియలేదు.

తెలుగునాట కొబ్బరి తీపిలో పెక్కు భాగము కొబ్బరిలౌజు, కొబ్బరిబూరెలు, కజ్జికాయలదే. కేకురూపమున దానిని ముందుగా మనకు చూపినవి పట్టణముల బేకరీలు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలోను, బేకరీలలోను మైదాపొరల నడుమ తీపికొబ్బరిని కూరి కాల్చిన ‘దిల్‌పసంద్’, ‘దిల్‌ఖుష్’లను చాయతో తినని విద్యార్థి అరుదు. క్రైస్తవ కుటుంబములలో క్రిస్మసునాడు కేకు, గులాబిపువ్వులతోపాటు కొబ్బరి కజ్జికాయలును పళ్లెమునకెక్కును. గోవా పళ్లెములోని నెవ్రీయు ఇదియు ఒకే వంట.

ఢిల్లీ మొదలగు ఉత్తరదేశపు నగరములలో కాపురముండు తెలుగువారికి చెట్టు లేదు. కాయ మాత్రము దొరకును. ఆ కాయలలో కోనసీమవి తక్కువ కాదు. అంబాజీపేట సంతనుండి కాయలు, కురిడీలు లారీలపై ఉత్తరదేశమునకు పోవుచుండును. గుడిలో కొట్టిన చెక్కయే సాయంకాలమునకు లౌజో కేకో అగును. ఆ చెట్లను కాచినవారి స్థితిని తలపక ఈ వేడుక పూర్తి కాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో వేయిమందికి పైగా ప్రాణములను, లెక్కకు మించిన చెట్లను కొనిపోయెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళపు ఉద్దానమున కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. వరి పోయినచో మరుసటి కారున నాటుకొనవచ్చును. పొడుగు రకపు కొబ్బరిమొక్క తొలి గెల వేయుటకు ఆరేడేండ్లు పట్టును. అన్నినాళ్లు రైతు వేరొక కూలితో బ్రతుకవలెను. తాతలు నాటిన చెట్టు కూలినచో, నాటువాడు తన కొరకుగాక తన పిల్లల కొరకు నాటవలసియుండును.

ఇతరుల లోటులను ఇన్నింటిని తీర్చిన చెట్టు తన సాగుదారునకు వచ్చిన లోటును తానే తీర్చలేదు. ఆ పని కొని తినువారిది. కాయకు న్యాయమైన ధర ఇచ్చుట, పెట్టెలోని పొడితోపాటు అప్పుడప్పుడైనను పచ్చికాయను ఇంట కోరుకొనుట, పొడపిఠా, బెబింకా, దిబ్బరొట్టె చేయు పెద్దలు ఇంకను ఉన్నపుడే వారి చెంత కూర్చుండి నిప్పుల లెక్క నేర్చుకొనుట, ఇవి ఎవరికిని అలవిగాని పనులు కావు. గ్యాసుపొయ్యిలు వచ్చిన పిమ్మట మూతపై నిప్పులు పరచుట చాల యిండ్లలో మానిపోయినది. పొరపై పొరగా కాల్చుటకు కావలసిన ఓర్పు చేతినుండి చేతికి అందవలసినదేగాని పెట్టెలలో నింపి పంపుటకు వీలు కాదు.

పండుగ పళ్లెములోని కొబ్బరి కేకుముక్క తినుటకు పట్టునది నిమిషకాలము. దానిని కాల్చుటకు ఒక రాత్రి. అందులోని కొబ్బరిని చెట్టు తొలిసారి ఇచ్చుటకు ఏడేండ్లు. వడ్డించువేళ ఈ మూడు లెక్కలును పిల్లలకు చెప్పినచో వారు ముక్కను ఇంకొంత మెల్లగా తిందురు.